అమెరికాలో ఒక ఇంటి కాగితాల్లో జాతి వివక్ష చరిత్రను వెతకడం ఎలా

అమెరికాలో సొంత ఇంటి విషయంలో జాతుల మధ్య ఏర్పడిన అంతరం చాలావరకు కాగితం మీదే తయారైంది. ఫలానా జాతివారికి అమ్మకూడదని దస్తావేజులో రాసిన ఒక షరతు, గృహరుణానికి ఎవరు అర్హులో తేల్చే ప్రభుత్వ నిబంధనల పుస్తకంలోని ఒక పేరా, అధికారి నింపిన ఒక ఫారం, ఇవన్నీ కలిసి ఎవరు ఎక్కడ ఇల్లు కొనుక్కోగలరో నిర్ణయించాయి. 1940 జనగణన నాటికి శ్వేతజాతి కుటుంబాల్లో సుమారు 46 శాతం సొంత ఇళ్లలో ఉండగా, తక్కిన జాతుల కుటుంబాల్లో ఆ వాటా 24 శాతం దగ్గరే ఉంది. 1960 నాటికి మొదటిది 64 శాతానికి, రెండోది 38 శాతానికి పెరిగాయి గాని, మధ్యనున్న దూరం తగ్గకపోగా మరికాస్త పెరిగింది. ఇటీవలి లెక్కల్లో శ్వేతజాతీయుల వాటా 73, 74 శాతం దగ్గర, నల్లజాతీయులది 45 శాతం దగ్గర ఉంది. వివక్షను నిషేధించిన 1968 నాటి చట్టం వచ్చి అరవై ఏళ్లు కావస్తున్నా అంతరం ఇలాగే ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు దేశం మొత్తం అంకెల కంటే ఒక ఇంటి కాగితాలు స్పష్టమైన జవాబు ఇస్తాయని నా నమ్మకం.

ఆ కాగితాల్లో ఎక్కువ భాగం ఈనాటికీ భద్రంగా ఉన్నాయి, వాటిని ఎవరైనా చూడవచ్చు. మీరు అమెరికాలో ఉంటున్న ఇంటి గురించి కావచ్చు, పిల్లలు బడిలో రాయవలసిన వ్యాసం కోసం ఎంచుకున్న ఒక వీధి గురించి కావచ్చు, వాటిని ఏ వరుసలో తెరవాలో, ఏ కాగితం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఇక్కడ వివరిస్తాను. వరుసను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చాలామంది నేరుగా ఇంటర్నెట్‌లో దొరికే రంగుల పటం (1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల్లోని ప్రాంతాలకు రంగులు వేయించిన పటం) దగ్గరికి వెళ్లి, ఇల్లు ప్రమాదకరమని గుర్తించిన ఎర్రరంగు ప్రాంతంలో ఉందో లేదో చూసి, అక్కడితో విషయం తేలిపోయిందనుకుంటారు. పటం ముఖ్యమైనదే, కానీ దస్తావేజు చూడకుండా పటం చూస్తే సగం చరిత్ర కంటికి ఆనదు.

మొదట దస్తావేజులు

ఇంటి రికార్డులు ఆ ఇల్లున్న కౌంటీలోని (మన జిల్లా వంటిది) రికార్డర్ కార్యాలయంలో ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో దీనినే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ అని, కొన్నిచోట్ల కౌంటీ క్లర్క్ అని పిలుస్తారు. మీ దగ్గరున్న తాజా దస్తావేజుతో మొదలుపెట్టండి. దానిలో లేఅవుట్ పేరు, బ్లాకు నంబరు, ప్లాటు నంబరు ఉంటాయి, ఇంటి చిరునామా కంటే ఇవే మీకు ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే వీధుల పేర్లూ ఇంటి నంబర్లూ మారతాయి గాని ప్లాటు వివరం సాధారణంగా మారదు. ఇప్పటి యజమానికి అమ్మినవారి పేరు పట్టుకుని, వారు కొన్నప్పటి దస్తావేజును కొనుగోలుదారుల సూచికలో వెతకండి. అక్కడ వారికి అమ్మినవారి పేరు దొరుకుతుంది. ఇలా ఒక్కొక్క లింకు దస్తావేజునూ తీసుకుంటూ వెనక్కి నడవాలి. ఇటీవలి దశాబ్దాల సూచికలు చాలా కౌంటీల్లో కంప్యూటర్‌లో దొరుకుతాయి, అంతకు ముందువాటికి మైక్రోఫిల్మ్ గాని, బరువైన పాత సూచిక పుస్తకాలు గాని చూడవలసి రావచ్చు. అక్కడి సిబ్బందికి పుస్తకం నంబరు, పేజీ నంబరు చెబితే పని తొందరగా అవుతుంది.

మీ అసలు గమ్యం లేఅవుట్ వేసిన కంపెనీ ఆ ప్లాటును మొదటిసారి అమ్మినప్పటి దస్తావేజు. జాతి నిషేధ షరతులు ఎక్కువగా 1910 నుంచి 1950 వరకు రాశారు, అందులోనూ చాలావరకు ఆ మొదటి అమ్మకం సమయంలోనే రాశారు. తరువాతి దస్తావేజుల్లో ఆ షరతును మళ్లీ పూర్తిగా రాయకుండా, రికార్డులో ఉన్న షరతులకు లోబడి అమ్ముతున్నామని ఒక్క ముక్కతో సరిపెట్టడం మామూలు. అందుచేత అలాంటి వాక్యం కనబడితే దానిని ఊరికే వచ్చే లాంఛనంగా దాటిపోకండి, అది చూపే పాత కాగితాన్ని తెప్పించుకోండి.

షరతు దస్తావేజులోనే ఉండాలని కూడా లేదు. లేఅవుట్ పటంతో పాటు నమోదు చేసిన ప్రత్యేక ప్రకటనలో ఉండవచ్చు, లేదా లేఅవుట్ వేసి చాలాకాలమైన తరువాత వీధివాళ్లంతా కలిసి సంతకాలు చేసి నమోదు చేయించిన ఒప్పందంలో ఉండవచ్చు. ఈ మూడోరకం యజమాని పేరుమీది సూచికలో సులభంగా దొరకదు గనుక, ఒప్పందాల కోసం విడిగా ఉన్న పుస్తకాలు ఏమైనా ఉన్నాయా అని అడగాలి. ఇల్లు కొనేటప్పుడు, ఆస్తి హక్కులను పరిశీలించే టైటిల్ కంపెనీ ఇచ్చే నివేదిక మీద మాత్రం ఈ విషయంలో ఆధారపడకండి. జాతి, రంగు, మతం వంటివాటి ఆధారంగా ఉన్న షరతులను వదిలేసి తక్కినవి ఇస్తున్నామనే అర్థం వచ్చే వాక్యం ఆ నివేదికలో తరచుగా ఉంటుంది. చట్టరీత్యా అలా రాస్తారు, అయితే దానివల్ల ఇంటి యజమానికి తన ఇంటి చరిత్ర కనిపించకుండా పోతుంది. అసలు పత్రం నకలు అడిగి తీసుకోవడం ఒక్కటే మార్గం.

షరతు దొరికితే దానిని చదివే పద్ధతి

ముందుగా అది ఎవరిని నిషేధించిందో చూడండి. కొన్ని షరతులు నల్లజాతీయులను మాత్రమే పేర్కొంటాయి, కొన్ని కాకేసియన్ జాతివారికి తప్ప ఇతరులకు అమ్మకూడదని అంటాయి, కొన్ని పెద్ద జాబితా ఇస్తాయి. మినియాపోలిస్‌లో 1910లో నమోదైన షరతు చైనీయులు, జపనీయులు, మూర్లు, తుర్కులు, నీగ్రోలు, మంగోలియన్ లేదా ఆఫ్రికన్ రక్తసంబంధం ఉన్నవారు అంటూ వరసగా చెబుతుంది. ఆ నగరంలో ఇలాంటి షరతులను వేల సంఖ్యలో వెలికితీసి పటం మీద గుర్తించిన మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే ప్రాజెక్టు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 2016లో మొదలైంది. మీ నగరానికి కూడా ఇలాంటి ప్రాజెక్టు ఉంటే, కౌంటీ కార్యాలయానికి వెళ్లకముందే దాని జాబితాలో వెతకడం వల్ల ఎంతో శ్రమ తప్పుతుంది.

తరువాత నిషేధం అమ్మకం మీదనా, నివాసం మీదనా అన్నది చూడండి. ఇంట్లో పనిచేసే నౌకర్లకు మినహాయింపు ఉందేమో గమనించండి. ఎన్నో షరతుల్లో ఆ మినహాయింపు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి పదిహేడు వేలకు పైగా ఇళ్లు కట్టినప్పుడు, తొలినాటి అద్దె ఒప్పందంలో కాకేసియన్ జాతివారు తప్ప ఇతరులు ఆ ఇంట్లో ఉండరాదని రాసి, ఇంటి నౌకర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. నల్లజాతి మనిషి ఆ ఇంట్లో వంట చేయవచ్చు, అదే ఇంట్లో తన కుటుంబంతో కాపురం ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం చదివితే పొరుగువారి సహజ ఇష్టాయిష్టాల వల్లే వీధులు విడిపోయాయనే వాదన ఎంత బలహీనమో తెలుస్తుంది.

గడువును, సంతకాలను కూడా చూడాలి. దీనికి సెయింట్ లూయిస్ నగరంలోని లబాడీ అవెన్యూ మంచి ఉదాహరణ. ఆ వీధిలో ఒక భాగానికి చెందిన 39 మంది యజమానుల్లో 30 మంది 1911 ఫిబ్రవరిలో ఒక ఒప్పందం మీద సంతకం చేసి నమోదు చేయించారు. యాభై ఏళ్ల పాటు ఆ ఆస్తులను నీగ్రో లేదా మంగోలియన్ జాతివారు వాడుకోకూడదన్నది దాని సారాంశం. అప్పటికే ఆ హద్దుల్లో నల్లజాతి కుటుంబాలు నివసిస్తున్నాయి, వాటిలో ఒకటి 1882 నుంచీ అక్కడే ఉంది. సంతకం చేయనివారిలో నల్లజాతి యజమానులు ఉన్నారు. 1945 ఆగస్టులో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం అక్కడ ఒక ఇల్లు కొంది, అలాంటి షరతు ఒకటి ఉందని వారికి తెలియదు. పొరుగువారు దావా వేశారు. కింది కోర్టు షరతును అమలు చేయడానికి ఒప్పుకోలేదు, మిస్సోరీ సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. చివరకు 1948 మే 3న అమెరికా సుప్రీంకోర్టు, ఇలాంటి షరతులను కోర్టుల ద్వారా అమలు చేయించడం చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని పద్నాలుగో సవరణకు విరుద్ధమని ఆరుగురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పింది. తక్కిన ముగ్గురు న్యాయమూర్తులు కారణం చెప్పకుండా కేసు నుంచి తప్పుకున్నారు. తమ ఇళ్ల మీద కూడా అలాంటి షరతులు ఉండటమే అందుకు కారణమై ఉంటుందని చాలామంది భావించారు.

ఈ తీర్పు మీ పరిశోధనకు ఒక ముఖ్యమైన హెచ్చరిక ఇస్తుంది. 1948 తరువాత కోర్టులు షరతును అమలు చేయలేదు గాని, షరతు రాసుకోవడం గాని, దానిని తమంతట తాము పాటించుకోవడం గాని నేరం కాలేదు. అందుకే 1950ల దస్తావేజుల్లో కూడా అవి కనబడతాయి. షరతును ఉల్లంఘించినవారి మీద నష్టపరిహారం దావాలు చెల్లవని 1953లో సుప్రీంకోర్టు చెప్పింది, అమ్మకంలోనూ అద్దెలోనూ జాతి వివక్షను 1968 ఏప్రిల్ 11న సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది. దొరికిన కాగితం తేదీ ఈ మూడింటికీ ముందుదా, తరువాతిదా అన్నది పక్కన రాసిపెట్టుకోండి.

రంగుల పటం, దానికి వెనకనున్న పుస్తకం

ఆర్థిక మాంద్యం కాలంలో ఇళ్లు వేలం కాకుండా కాపాడటానికి 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అది పది లక్షల దాకా ఇళ్ల అప్పులను తిరగరాసింది. 1935 నుంచి 1940 వరకు అది రెండు వందలకు పైగా నగరాలకు పటాలు తయారుచేయించి, మంచి ప్రాంతాలకు ఆకుపచ్చ, తరువాతివాటికి నీలం, దిగజారుతున్నవనుకున్నవాటికి పసుపు, ప్రమాదకరమనుకున్నవాటికి ఎరుపు రంగు వేయించింది. మూల ప్రతులు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వారి మ్యాపింగ్ ఇనీక్వాలిటీ అనే వెబ్‌సైట్‌లో వాటిని ఇంట్లో కూర్చుని చూడవచ్చు.

పటం మీద మీ వీధిని గుర్తించాక, దానితోపాటు ఉండే ప్రాంత వివరణ ఫారాన్ని తప్పకుండా తెరవండి. అసలు విషయం అందులోనే ఉంటుంది. భూమి ఎత్తుపల్లాలు, అనుకూల ప్రభావాలు, ప్రతికూల ప్రభావాలు అనే గళ్ల తరువాత నివాసుల గురించిన భాగం వస్తుంది: వృత్తి, కుటుంబ వార్షికాదాయం, విదేశాల్లో పుట్టినవారి శాతం, వారిలో ఏ దేశంవారు ఎక్కువ, నీగ్రోలు ఉన్నారా లేరా, ఉంటే ఎంత శాతం, ఎవరు చొరబడుతున్నారు, ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఎన్ని. చొరబాటు అన్న మాట ముద్రిత ఫారంలోనే ఉంది. అంటే నింపే అధికారి మనసులో ఏమున్నా, ఒక మనిషి పొరుగున ఇల్లు తీసుకోవడాన్ని చొరబాటుగా లెక్కించమని ఫారమే అడుగుతుంది. ఇంకా కిందికి వస్తే ఇళ్ల వయసు, మరమ్మతు స్థితి, అమ్మకం ధరలు, అద్దెలు, చివరగా గృహరుణాలు దొరుకుతున్నాయా అనే గడి ఉంటాయి. ఆ చివరి గడిని పైనున్న నివాసుల గడులతో పోల్చి చదవండి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ పటాలే అంతటికీ మూలమని చెప్పడం తేలిక, చాలా వ్యాసాలు అలాగే చెబుతాయి. కానీ ఆ సంస్థ ఇచ్చిన రుణాల్లో చాలా భాగం పటాలు తయారుకాక ముందే ఇచ్చినవి, నల్లజాతి యజమానులకు కూడా అది రుణాలు ఇచ్చింది. నల్లజాతీయులు ఉన్న ప్రాంతాలకు దాదాపు అన్నిటికీ ఎరుపు పడినా, ఎర్ర ప్రాంతాల్లో నివసించినవారిలో ఎక్కువమంది పేద శ్వేతజాతీయులే. పటం ఆనాటి స్థిరాస్తి వ్యాపారుల, బ్యాంకుల అభిప్రాయాలను నమోదు చేసిన సాక్ష్యం. వివక్షను దేశమంతటా నడిపించిన యంత్రం మాత్రం ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ చేతిలో ఉంది.

1934లో ఏర్పడిన ఈ సంస్థ తానుగా అప్పు ఇవ్వదు, బ్యాంకు ఇచ్చే అప్పుకు పూచీ పడుతుంది. అంతకుముందు సగం సొమ్ము ముందే కట్టి, మిగిలినదానిని మూడు నుంచి ఐదేళ్లలో మొత్తంగా తీర్చవలసిన స్థితి ఉండేది. ఈ పూచీతో ఇంటి విలువలో 80 శాతం వరకు ఇరవై ఏళ్ల వాయిదాలతో అప్పు దొరికింది, 1938 సవరణతో చిన్న ఇళ్లకు 90 శాతం, ఇరవై ఐదేళ్లు అయింది. సాధారణ జీతగాడు ఇంటి యజమాని కావడానికి తలుపు తెరిచింది ఇదే. అయితే పూచీ ఎప్పుడివ్వాలో చెప్పే సంస్థ నిబంధనల పుస్తకం, ఒక ప్రాంతం స్థిరంగా ఉండాలంటే అక్కడ అదే సామాజిక వర్గం, అదే జాతివారు కొనసాగాలని 1938 ప్రతిలో చెప్పింది, దస్తావేజుల్లో జాతి నిషేధ షరతులు ఉండటాన్ని సిఫారసు చేసింది. మొదటి మెట్టులో మీకు దొరికిన షరతు వెనక ఎవరో ఒక బిల్డరు సొంత ద్వేషం మాత్రమే ఉందని అనుకోవద్దని నేను చెప్పేది అందుకే. షరతు లేకపోతే ప్రభుత్వ పూచీ దొరకడం కష్టమన్న లెక్క కూడా ఉంది. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డరు నల్లజాతి బస్తీకీ తన కొత్త లేఅవుట్‌కూ మధ్య ఆరడుగుల ఎత్తున, అరమైలు పొడవున గోడ కట్టించి పూచీ సంపాదించాడు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. 1950 ఫిబ్రవరి 15 తరువాత నమోదయ్యే జాతి షరతులున్న ఆస్తులకు పూచీ ఇవ్వబోమని సంస్థ ప్రకటించేసరికి, షెల్లీ తీర్పు వచ్చి దాదాపు రెండేళ్లు అయింది.

మీ వీధిలోని ఒక్కొక్క ఇంటికి ఈ పూచీ దొరికిందో లేదో చెప్పే జాబితా సులభంగా దొరకదు. కానీ ఆ కాలపు స్థానిక పత్రికల ప్రకటనలు చూడండి. కొత్త ఇళ్ల ప్రకటనల్లో ఆ సంస్థ పేరును గొప్పగా వేసుకునేవారు, కొన్నిటిలో ప్రాంతానికి షరతుల రక్షణ ఉందని కూడా రాసేవారు.

జనగణన పత్రంలో నాలుగు గళ్లు

దస్తావేజు నిషేధాన్ని చెబుతుంది, మనుషులను చూపదు. మనుషుల కోసం జనగణన పత్రాలు తెరవాలి. వ్యక్తుల వివరాలున్న పత్రాలను 72 ఏళ్ల తరువాతే బయటపెడతారు గనుక, 1940వి 2012లో, 1950వి 2022లో వచ్చాయి. ఇంటి యాజమాన్యం కోసం 1930, 1940 పత్రాలే మీకు కావాలి, ఎందుకంటే 1950 జనాభా పత్రంలో సొంత ఇల్లా అద్దెదా అన్న గడి లేదు.

1940 పత్రంలో ఎడమ అంచున వీధి పేరు నిలువుగా రాసి ఉంటుంది. నాలుగో గడిలో సొంతం అయితే ఒక అక్షరం, అద్దె అయితే మరో అక్షరం. ఐదో గడిలో సొంత ఇంటి విలువ లేదా నెల అద్దె. ఏడో గడిలో పేరు. పదో గడిలో జాతి. ఈ నాలుగు గళ్లను మీ వీధికీ, షరతు లేని పక్క వీధికీ ఒక కాగితం మీద పక్కపక్కన ఎక్కించండి. ఎవరు సొంతదారులు, ఎవరు అద్దెదారులు, ఒకే తీరు ఇంటికి రెండు చోట్లా ఎంత విలువ చెప్పారు అన్నది మీ కళ్లముందుకు వస్తుంది. ఆ ఏడాది దేశంలో సొంత ఇంటి మధ్యస్థ విలువ 2,938 డాలర్లు, దానితో కూడా పోల్చుకోవచ్చు. యజమానులు తామే చెప్పిన విలువలు గనుక వాటిని మార్కెట్ ధరలుగా తీసుకోవద్దు. శ్వేతజాతి వీధిలో ఒక కుటుంబం చివర నల్లజాతి మనిషి పేరు కనబడి, ఎనిమిదో గడిలో ఇంటి యజమానితో ఉన్న బంధం దగ్గర నౌకరు అని ఉంటే, నేను పైన చెప్పిన మినహాయింపు మీకు మనిషి రూపంలో దొరికినట్లే.

పటాలలోనూ దస్తావేజుల్లోనూ కనబడనివి

షరతు దొరకలేదంటే ఆ వీధి అందరికీ తెరిచి ఉన్నదని అర్థం కాదు. స్థిరాస్తి ఏజెంట్ల జాతీయ సంఘం 1924 నియమావళి, ఒక ప్రాంతంలోకి ఆస్తుల విలువ తగ్గించే జాతివారిని తీసుకురావడంలో సభ్యులు ఏ పాత్రా వహించకూడదని చెప్పింది. జాతి ప్రస్తావన 1950లో గాని తొలగలేదు. డెట్రాయిట్‌లో నల్లజాతి వైద్యుడు ఓసియన్ స్వీట్ 1925లో గార్లాండ్ వీధిలో ఇల్లు కొని చేరినప్పుడు, గుంపు రాళ్లు రువ్వింది, లోపలినుంచి కాల్పులు జరిగి ఒకరు చనిపోగా ఇంట్లోని వారందరి మీద హత్యాకేసు పెట్టారు, 1926లో అతని తమ్ముడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఇలాంటి సంగతులు పత్రికల్లో ఉంటాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా పెట్టిన పాత పత్రికల్లో వీధి పేరుతో వెతకండి, షికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ వంటి నల్లజాతి పత్రికలను మాత్రం విడిచిపెట్టకండి, నగరంలోని పెద్ద పత్రిక రాయని వార్త వాటిలో దొరుకుతుంది.

నల్లజాతి ప్రాంతంలోని ఇంటిని పరిశీలిస్తుంటే, 1940ల నుంచి 1960ల మధ్య దస్తావేజు లేకుండా ఎవరైనా ఏళ్ల తరబడి కాపురం ఉన్నారేమో చూడండి. బ్యాంకు అప్పు పుట్టనివారికి షికాగో వంటి నగరాల్లో దళారులు వాయిదాల ఒప్పందం మీద ఇళ్లు అంటగట్టేవారు. ధర అసలు విలువకు రెండింతల దాకా ఉండేది, పూర్తిగా కట్టేదాకా దస్తావేజు అమ్మినవాడి పేరనే ఉండేది, ఒక్క వాయిదా తప్పినా ఇల్లూ కట్టిన సొమ్మూ రెండూ పోయేవి. 1968లో షికాగోలోని నార్త్ లాన్‌డేల్ నివాసులు సంఘంగా ఏర్పడి దీనిమీద పోరాడారు. ఇలాంటి కుటుంబాలు అమ్మకం రికార్డుల్లో కనబడవు, సిటీ డైరెక్టరీల్లో (నగరవాసుల పేర్లు, చిరునామాల పుస్తకాల్లో) నివాసులుగా మాత్రమే కనబడతాయి. కొన్ని దక్షిణాది నగరాల డైరెక్టరీల్లో నల్లజాతీయుల పేర్ల పక్కన ప్రత్యేక గుర్తు కూడా పెట్టేవారు.

ప్రభుత్వం భూమి తీసుకున్న సందర్భాలు కోర్టు రికార్డుల్లో ఉంటాయి. కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో విల్లా, చార్లెస్ బ్రూస్ అనే నల్లజాతి దంపతులు 1912లో కొని నడిపిన సముద్రతీర విడిదిని నగరం పార్కు పేరుతో 1924లో స్వాధీనం చేసుకునే పని మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ దానిని 2022లో వారసులకు తిరిగి ఇచ్చింది. 

భారతీయులకు సంబంధించిన భాగం

ఈ చరిత్రలో మన పాత్ర ఏమీ లేదని అమెరికాలోని భారతీయులు చాలామంది అనుకుంటారు. 1930, 1940 జనగణనల్లో జాతి గడిలో హిందూ అనే వర్గం ఉంది, మతంతో నిమిత్తం లేకుండా భారతీయులందరినీ దానికింద రాశారు. పశ్చిమతీరంలోని కొన్ని షరతుల్లో కూడా ఆ పేరు కనబడుతుంది. భారతీయులు పౌరసత్వానికి అర్హమైన శ్వేతజాతీయులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనరాదన్న కాలిఫోర్నియా 1913 చట్టం వారికీ వర్తించింది. 1915లో వచ్చిన వైష్ణోదాస్ బాగాయ్, కళా బాగాయ్ దంపతులు బర్కిలీలో కొన్న ఇంటికి సామానుతో చేరేసరికి పొరుగువారు తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. థిండ్ తీర్పు తరువాత పౌరసత్వం రద్దయిన వైష్ణోదాస్ 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. బర్కిలీలో ఒక వీధికి ఇప్పుడు కళా బాగాయ్ పేరు ఉంది. మీకు దొరికిన జాబితాలో భారతీయులు లేకపోయినా, ఆ షరతును కొట్టేయించిన పోరాటం నల్లజాతి కుటుంబాలు నడిపినదని, 1965 వలస చట్టం తరువాత వచ్చిన మనం ఆ తెరిచిన తలుపులోంచే వచ్చి ఇళ్లు కొనుక్కున్నామని పిల్లల వ్యాసంలో ఒక పేరా ఉండాలని నేను కోరుకుంటాను.

దొరికిన షరతును ఏం చేయాలి

ఆ షరతుకు ఇప్పుడు చట్టంలో ఏ బలమూ లేదు, దానివల్ల మీ ఇంటి హక్కుకు ఏ భంగమూ లేదు. అయినా తమ ఇంటి కాగితంలో అది ఉండటం భరించలేనివారికి చాలా రాష్ట్రాలు దారి చూపాయి. వాషింగ్టన్, మిన్నెసోటా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో యజమాని ఒక ఫారం దాఖలు చేసి ఆ షరతు చెల్లదని రికార్డులో చేర్పించవచ్చు. కాలిఫోర్నియాలో 2021 నాటి చట్టం ప్రకారం కౌంటీ రికార్డర్లే అలాంటి షరతులను వెతికి గుర్తించాలి. మీ కౌంటీలో రుసుము ఉందో లేదో ముందే అడగండి. ఫారం దాఖలు చేయకముందు అసలు పేజీని పుస్తకం నంబరు, పేజీ నంబరు, తేదీ కనబడేలా ఫొటో తీసి దాచండి, ఒక నకలు స్థానిక చరిత్ర సంఘానికి ఇవ్వండి. మూల పత్రాన్ని కనబడకుండా చెరిపేయడం కంటే చెల్లదని పక్కన రాయించడం మంచిదని నా అభిప్రాయం. వివక్ష జరిగిందనడానికి ఆ పేజీయే రుజువు, ఆ రుజువుకు ఇప్పుడు విలువ కూడా ఉంది.

ఆ విలువ ఏమిటో వాషింగ్టన్ రాష్ట్రం చూపింది. అక్కడ 2023లో చేసిన చట్టం ప్రకారం స్థిరాస్తి పత్రాల నమోదు మీద వంద డాలర్ల రుసుము వసూలు చేసి, జాతి షరతుల వల్ల నష్టపోయినవారికి మొదటి ఇంటి డౌన్ పేమెంట్ కోసం రుణసాయం ఇస్తున్నారు. దరఖాస్తుదారు గాని, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు గాని 1968 ఏప్రిల్ 11కు ముందు ఆ రాష్ట్రంలో నివసించి ఉండాలి, ఆదాయ పరిమితి ఉంటుంది, అర్హమైన వర్గాల్లో నల్లజాతీయులు, హిస్పానిక్‌లు, స్థానిక అమెరికన్లు, పసిఫిక్ దీవులవారు, కొరియన్లతో పాటు భారతీయులు కూడా ఉన్నారు. ఆ తేదీ తరువాత వచ్చిన కుటుంబాలకు ఇది వర్తించదు. మీకు తెలిసిన పాత కుటుంబం ఎవరైనా దరఖాస్తు చేయదలిస్తే, 1950 జనగణన పత్రంలో వారి తాత పేరున్న పేజీ, ఆ కాలపు సిటీ డైరెక్టరీ పేజీ, తాత నుంచి దరఖాస్తుదారు వరకు బంధుత్వాన్ని చూపే జనన ధ్రువపత్రాలు ముందుగా సిద్ధం చేయడంలో వారికి తోడుండండి.